కిట్టా, వోచరా, నేరుగా ఖాతాలోకా: కష్టంలో ఉన్న కుటుంబానికి ఏది మేలు?

సాయం చేద్దామని ముందుకొచ్చేవాళ్లు మా బృందాన్ని పదేపదే అడిగేది ఇదే. సరుకులు కొనిద్దామా, వోచర్ ఇద్దామా, యూపీఐలో డబ్బే పంపేద్దామా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మొదట కావాల్సింది మంచినీళ్లు, పాలు, అన్నం పొట్లాలు. చుట్టుపక్కల కొట్లే నీళ్లలో ఉంటే ఖాతాలో పడ్డ డబ్బుతో ఏం కొంటారు? అలాంటప్పుడు వస్తువే ఇవ్వాలి. వరద తీశాక మాత్రం ఒకరి అవసరం ఇంకొకరిది కాదు. ఒకరికి గ్యాస్ పొయ్యి కావాలి, పక్కింటివాళ్లకు ఆటో రిపేరు చేయించుకోవాలి. తెలంగాణలో 2025 నుంచి రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి. ఆ ఇంటికి మళ్లీ బియ్యం బస్తా మోసుకెళ్లి, ఫొటో కోసం నిలబెట్టడం నాకు నచ్చదు. ఆ డబ్బేదో ఇస్తే ఇంటద్దెకైనా పనికొస్తుంది.

'డబ్బు చేతికిస్తే తాగేస్తారు' అనేవాళ్లున్నారు. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ ఎమ్-పెసా అనే ఫోన్ డబ్బు ద్వారా పేద కుటుంబాలకు నేరుగా నగదు పంపుతోంది. అక్కడ పరిశోధకులు హౌషోఫర్, షపీరో చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. డబ్బందిన ఇళ్లలో మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదని అందులో తేలింది. భార్యకిచ్చినా భర్తకిచ్చినా ఖర్చు తీరులో పెద్ద తేడా కూడా లేదు.

అయినా నేను ఇల్లాలి ఖాతాకే పంపమంటాను. కారణం తాగుడు కాదు, ఆటో డెబిట్, అంటే కిస్తీ సొమ్ము ఖాతాలోంచి దానంతటదే కోతపడటం. సంపాదించే మనిషి పేరు మీదే బండి లోను, ఫోన్ లోను ఉంటాయి. రెండు కిస్తీలు ఆగిపోయిన ఖాతాలో మనం వేసిన మూడు వేలు సాయంత్రానికల్లా మాయమవుతాయి. మినిమం బ్యాలెన్స్ లేదని కొన్ని బ్యాంకులు కోసుకునేది దానికి అదనం. సాయం పేరు మనది, లాభం అప్పిచ్చినవాడిది. అందుకే డబ్బు పంపేముందు 'ఆ ఖాతా మీద ఏమైనా కిస్తీలు ఉన్నాయామ్మా?' అని అడగాలి. జన్‌ధన్ ఖాతా ఉంటే మరీ మంచిది, దానికి మినిమం బ్యాలెన్స్ గొడవ లేదు. ముందు ఒక్క రూపాయి పంపి, తెరమీద కనిపించిన పేరు చదివి వినిపించి, అటునుంచి 'వచ్చిందండీ' అన్నాకే మిగతాది పంపాలి. నంబరు మారిపోయి, పాత సిమ్ ఇంకొకరి చేతిలో ఉండటం మామూలే. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదని ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. సాయం వస్తుందని తెలిసిన ఇంటికి మోసగాళ్ల ఫోన్లూ వస్తాయి.

ఇక ఇ-రుపీ వోచర్, అంటే ఫలానా పనికే చెల్లే డిజిటల్ కూపన్. 2021 ఆగస్టులో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ తెచ్చింది. ఎస్ఎంఎస్‌గానో క్యూఆర్ కోడ్‌గానో వస్తుంది, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బ్యాంకు ఖాతా కూడా అక్కర్లేదు. ఖాతాలోకి వెళ్లదు కాబట్టి కిస్తీవాడికి చిక్కదు. ఇది నిజంగా పెద్ద గుణం. కానీ ఒక్కసారే వాడుకునే వోచర్‌గా మొదలైంది. 2022లో పలుసార్లు వాడుకునే వీలు వచ్చింది కానీ, అది ప్రభుత్వం ఇచ్చే వోచర్లకే. ఒక్కసారే వాడాల్సిన వోచర్‌తో ఈ వారం నూనె, పై వారం మందులు అంటే కుదరదు. దాన్ని తీసుకునే కొట్టు ఇంటికి దగ్గర్లో ఉండాలి కూడా. ఆసుపత్రి బిల్లు లాంటి ఒకే పనికైతే వోచర్ బాగుంటుంది, ఇల్లు గడవడానికి కాదు.

సూపర్ మార్కెట్ గిఫ్ట్ కార్డులూ ఉన్నాయి. సందు చివర కొట్టులో చెల్లవు కాబట్టి నేను పట్టించుకోను.

ఇంట్లో ఎవరి ఖాతా చూసినా కిస్తీలే ఉంటే డబ్బు వాళ్లకు పంపకండి. వాళ్లనే అడిగి, ఇంటి ఓనరుకో మందుల షాపుకో యూపీఐలో నేరుగా కట్టేసి, రసీదు వాళ్ల చేతికివ్వండి.