బొడ్డుతాడు రక్తం బ్యాంకింగ్: క్లోనింగ్ పేరు చెప్పి అమ్ముతుండ్రు, 2 స్టార్లు

మా అక్క కాన్పుకు హన్మకొండల తల్లిగారింటికొచ్చింది. ఏడో నెల పడంగనే స్టెమ్ సెల్ (వేరే రకం కణాలుగ మారగలిగే మూల కణం) బ్యాంకోళ్ల, అంటే బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీలోళ్ల ఫోన్లు షురూ అయినయ్, నంబర్ ఎట్ల దొరికిందో ఏమో. హోమ్ కౌన్సెలింగ్ ఫ్రీ అంటే సరే రమ్మన్నం. కంపెనీ పేరు రాస్తలేను. ప్యాకేజీ తీసుకోలే, ఈ రివ్యూ ఆ కౌన్సెలింగ్‌కే.

మంచి ఏందంటే, పిలగాడు చెప్పిన టైంకు వచ్చిండు, కిట్ మొత్తం విప్పి చూపెట్టిండు. థర్మాకోల్ డబ్బా, అందుల రక్తం గడ్డకట్టకుండ మందు పోసిన సంచి, తల్లి రక్తానికి చిన్న ట్యూబులు, అన్నిటి మీద ఒకటే బార్‌కోడ్. బిడ్డ బొడ్డు కోసినంక తాడుల మిగిలిన రక్తాన్ని సూదితోని ఆ సంచిలకు దింపుతరు, బిడ్డకు నొప్పి ఉండదు, కొరియర్ల ల్యాబ్‌కు పోయి మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌ల ఉంటది. ఇక్కడిదాకా ఏం వంక పెట్టేది లేదు.

ట్యాబ్ తీసినంకనే లొల్లి. వీడియోల డాలీ గొర్రె (క్లోనింగ్‌తోని, అంటే ఒక జీవి కణంకెల్లి దాని జిరాక్స్ కాపీ లెక్క పుట్టించింది) బొమ్మ, పక్కకు నవ్వుకుంట ఒక పాప. "రేపు క్లోనింగ్ వస్తది సార్, మీ బాబుకు కిడ్నీ కావాలన్నా లివర్ కావాలన్నా ఈ సెల్స్‌తోనే తయారు చేస్తరు" అన్నడు. డెబ్భై వేల దాకా ప్యాకేజీ, ఈఎంఐ గూడ ఉందట. మా బావ అప్పటికే సగం మెత్తబడ్డడు.

నేను బీఎస్సీ జువాలజీ చదివిన, గందుకే అడిగిన, డాలీ బొడ్డు రక్తంకెల్లి వచ్చిందా తమ్మీ అని. 1996ల స్కాట్లాండ్‌ల రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరేళ్ల గొర్రె పొదుగు కణం తీసుకుని, ఇంకో గొర్రె అండంలున్న కేంద్రకం తీసేసి ఆ ఖాళీ అండంతోని కలిపిండ్రు. గిట్ల 277 కలిపితే 29 పిండాలు అయినయ్, 13 గొర్రెల కడుపుల్ల పెడితే బతికి పుట్టింది ఒక్కటే. దాంట్ల బొడ్డు రక్తం ముచ్చటే లేదు. ఆ తర్వాత జపాన్‌ల యమనక అనే సైంటిస్టు 2006ల ఎలుక కణాలను, 2007ల మనిషి చర్మం కణాలను మళ్ల స్టెమ్ సెల్స్ లెక్క మార్చి చూపెట్టిండు, 2012ల నోబెల్ గూడ వచ్చింది. అంటే మీరు చెప్పే రోజు నిజంగ వచ్చినా చర్మం ముక్క సాలు కదా, అది ఎట్లనో మనిషి ఒంటి మీదనే ఉంటది, ఫ్రీజర్‌కు కిరాయి ఎందుకు కట్టాలె? పిలగాడు జవాబు చెప్పలే, సీనియర్‌ను ఫోన్ల కలిపిండు.

సీనియర్ ఇంకా తేలు. "క్లోనింగ్ మీద బ్యాన్ పెడతమంటే ఇండియానే వద్దని ఓటేసింది సార్" అన్నడు. ఇది సగం నిజం, అందుకే ఎక్కువ కోపమొచ్చింది. 2005 మార్చిల ఐక్యరాజ్యసమితిల మనుషుల క్లోనింగ్ అన్నిరకాలూ ఆపాలె అని డిక్లరేషన్ వచ్చింది, అనుకూలం 84, వ్యతిరేకం 34, ఎటూ వెయ్యనోళ్లు 37. మన దేశం వ్యతిరేకంగనే వేసింది, కానీ అట్ల రాస్తే వైద్యం కోసం చేసే రీసెర్చ్ గూడ ఆగిపోతదని, అంతేగాని క్లోన్ పిల్లల్ని పుట్టించుకుందామని కాదు. మనిషికి జిరాక్స్ కాపీ పుట్టించుడు ఐసీఎంఆర్ (మన దేశ వైద్య పరిశోధన మండలి) గైడ్‌లైన్స్‌ల నిషిద్ధమే. అసలు అన్ని దేశాల కొట్లాట ఇక్కడనే ఉంది, పిండాన్ని ల్యాబ్‌ల పెంచి కణాలు తీసుకునుడు వేరు, కడుపుల పెట్టి కనుడు వేరు. బ్రిటన్ 2001ల కడుపుల పెట్టుడు నేరమని చట్టం చేసి, రీసెర్చ్‌ను మాత్రం లైసెన్స్ మీద ఉంచింది. అమెరికాల బుష్ సర్కారు రెండూ వద్దన్నది.

పిలగాడు పోయినంక మా ఇంట్ల ఇంకో రౌండ్ అయింది. బావ అంటడు, క్లోన్ అంటే ఏంది బామ్మర్దీ, కవలపిల్లల్ల ఒకడు లేటుగా పుట్టిండనుకో, వాడూ మనిషే కదా, తప్పేముంది అని. అది ఒప్పుకుంట, పుట్టినంక వాడు అందరి లెక్కనే. కానీ చిక్కుడుకాయలు ఒలుసుకుంట వింటున్న మా అమ్మ "మరి మిగిలిన 276 ఏమైనయ్‌రా" అన్నది. గంతే, బావ సైలెంట్. మనుషుల్ల ఆ 13 కడుపులు ఎవరివి ఉంటయ్, పైసలున్న ఇంటి ఆడోళ్లవైతే కావు. కొరియాల హ్వాంగ్ వూ సుక్ అనే సైంటిస్టు మనిషి పిండాన్ని క్లోన్ చేసిన అని పెద్ద పేరు తెచ్చుకుని, అంతా దొంగ లెక్కని తేలి 2006ల పేపర్లు వాపస్ అయినయ్, ఆయన వాడిన అండాల్ల సొంత ల్యాబ్‌ల పనిచేసే ఆడపిల్లలవి గూడ ఉన్నయ్. కాబట్టి నా లెక్క ఏందంటే, వైద్యం కోసం రూల్స్ పెట్టి చేసుకోనియ్, బిడ్డను కనే క్లోనింగ్‌కు మాత్రం గేటు తియ్యొద్దు.

ఇగ ప్యాకేజీ సంగతి. బొడ్డుతాడు ముక్క గూడ "ఫ్రీగా" దాస్తమన్నరు, 2017 ఐసీఎంఆర్ గైడ్‌లైన్స్ ప్రకారం రక్తం తప్ప ఇంకేదీ కమర్షియల్‌గా దాచే పర్మిషన్ లేదు. అది చూపెడితే "అందరూ చేస్తుండ్రు సార్" అన్నరు. తలసేమియాకు (ఒంట్ల రక్తం సరిగ తయారుగాని పుట్టు జబ్బు) పనికొస్తదన్నరు గని, ఆ జబ్బుతోని పుట్టిన బిడ్డ రక్తంల అదే లోపం ఉంటది కదా, తనకే ఎట్ల పనికొస్తది? 1988ల పారిస్‌ల చేసిన మొదటి ట్రాన్స్‌ప్లాంట్ గూడ చెల్లె పుట్టినప్పటి రక్తంతోని అన్నకు చేసిందే. ఇంకోటి, బొడ్డు కనీసం ఒక నిమిషం ఆగి కొయ్యాలె, ఆ రక్తం బిడ్డకు పోతే ఐరన్ బాగుంటదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది, ఆగిన కొద్దీ సంచిలకు వచ్చేది తగ్గుతది. ఈ ముచ్చట మేం అడిగేదాక ఎత్తనే లేదు.

ఇంట్ల ఆల్రెడీ తలసేమియా పిల్ల ఉండి రెండో కాన్పు అయితే మాత్రం ఇది కొట్టిపారేసేది కాదు, ముందు బ్లడ్ డాక్టర్‌ను అడుగుండ్రి, సేల్స్ పిలగాన్ని కాదు. మిగిలినోళ్లు కౌన్సెలింగ్ కావాలంటే వినుండ్రి, ఫ్రీనే కదా, కానీ అగ్రిమెంట్ ముందు రోజే తీసుకుని చదువుకోండి. మాకు సంతకం పెట్టేటప్పుడే ఇస్తమన్నరు, ఒక స్టార్ దానికే కోసిన.