పోస్ట్‌గ్రెస్ టెంప్ ఫైళ్లతో ఇన్నేళ్లు: నచ్చినవీ విసిగించినవీ

మా బిల్లింగ్ సర్వర్‌ని 2018లో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 10వ వెర్షన్‌తో మొదలుపెట్టాం, 2022లో 14కి వెళ్లాం, ఇప్పుడు 16 మీద ఉన్నాం. స్పీడు గురించి, బ్యాకప్ గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను ఒక్క విషయమే రాస్తాను: క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) నడిచేటప్పుడు అది డిస్క్ మీద పరిచే టెంప్ ఫైళ్లు, వాటిలో ఎవరూ ఎత్తకుండా మిగిలిపోయేవి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సార్టింగ్‌కో హ్యాష్‌కో (వరసలు జత చేయడానికి, గుంపులు చేయడానికి ర్యామ్‌లో కట్టే పట్టిక) వర్క్‌మెమ్, అంటే ఆ పనికి ఇచ్చే ర్యామ్ హద్దు, చాలకపోతే (మనం మార్చకపోతే అది 4 ఎంబీయే) మిగతా సరుకంతా డేటా డైరెక్టరీలో ఒక టెంప్ ఫోల్డర్‌లోకి పోతుంది. ఫైలు పేరులోనే ఆ క్వెరీ నడిపే ప్రాసెస్ నంబర్ ఉంటుంది, 1 జీబీ నిండితే పక్కనే ఇంకో ఫైలు లేస్తుంది. క్వెరీ అయిపోయినా, ఎర్రర్‌తో ఆగినా, మనం క్యాన్సిల్ చేసినా అదే తుడిచేసుకుంటుంది. పంక్తి లేవగానే విస్తళ్లు ఎత్తేసే మనిషి లాంటిది, ఇందులో వంక పెట్టడానికేం లేదు. చిక్కల్లా తినేవాడు మధ్యలో కళ్లు తిరిగి పడిపోతేనే.

మాకు అదే అయింది. రిపోర్టులు నెమ్మదిగా ఉన్నాయని వర్క్‌మెమ్‌ని అందరికీ కలిపి 256 ఎంబీ చేశాను, అది క్వెరీకి ఒకసారి కాదు, క్వెరీలోని ఒక్కో సార్టుకీ హ్యాషుకీ విడివిడిగా వర్తిస్తుందని చదివి కూడా చేశాను. నెలాఖరున ర్యామ్ నిండింది, ర్యామ్ ఖాళీ చేయడానికి లైనక్స్‌లో ఉండే ఓఓఎం కిల్లర్ వచ్చి ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ని చంపేసింది. అలా ఒక్కటి చచ్చినా పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపి, రికవరీ చేసుకుని, తనంతట తానే లేస్తుంది. కానీ 13 వరకు అలా లేచినప్పుడు పాత టెంప్ ఫైళ్ల జోలికి పోయేది కాదు. క్రాష్ కారణం వెతికేవాళ్లకు పనికొస్తాయని కావాలనే వదిలేవారట. సర్వీస్‌ని మనం ఆపి స్టార్ట్ చేస్తేనే అవి పోయేవి. మేమేమో సర్వర్ ఆపకుండా ఎన్ని రోజులు నడిచిందో చూసుకుని మురిసిపోయే రకం! పైగా ఇలాంటి క్రాష్ అయినా మాతృ ప్రాసెస్ బతికే ఉంటుంది కాబట్టి స్టార్ట్ టైమ్ మారదు, అడిగితే 200 రోజులకు పైగా నడుస్తోందనే చెప్పింది.

నాలుగు నెలాఖర్లు గడిచాక డిస్క్ 97 శాతం. టేబుళ్లు చూశాను, ఇండెక్సులు చూశాను, వాల్ ఫోల్డర్ (మార్పుల చిట్టా ఉండేది) చూశాను, అన్నీ మామూలే. చివరికి డీయూ (ఫోల్డర్ల సైజు చెప్పే కమాండ్) కొట్టి చూస్తే టెంప్ ఫోల్డర్ ఒక్కటే 140 జీబీ, తేదీలన్నీ నెలాఖరువే.

ఒకరోజు దాటిన ఫైళ్లను చెరిపేసేలా క్రాన్ జాబ్ (టైముకి తనంతట తానే నడిచే పని) పెడదామని మా టీమ్‌లో ఒకాయన అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముప్పై గంటలు నడిచే క్వెరీ మొదటి గంటలో రాసుకున్న ఫైలుని ఆఖరి గంటలో చదవొచ్చు. ఆ లోపు ఫైలు మూసి మళ్లీ తెరవాల్సి వస్తే క్వెరీ అక్కడే కూలుతుంది. తెరిచే ఉంచుకుంటే క్వెరీ బతుకుతుంది గానీ డిస్క్‌లో చోటు తిరిగి రాదు, డీయూ ఒక లెక్క, డీఎఫ్ (డిస్క్‌లో ఖాళీ చెప్పే కమాండ్) ఇంకో లెక్క చెబుతాయి. మేం రాత్రి 2 గంటలకు అనుమతి తీసుకుని రీస్టార్ట్ చేశాం, అంతే, మొత్తం శుభ్రం.

14లో దీనికోసమే 'రిమూవ్ టెంప్ ఫైల్స్ ఆఫ్టర్ క్రాష్' అనే సెట్టింగ్ వచ్చింది, అది మనం ముట్టుకోకుండానే ఆన్‌లో ఉంటుంది. నా మట్టుకు అప్‌గ్రేడ్‌కి ఈ ఒక్క కారణం చాలు. 14కి వెళ్లిన వారం టెంప్ ఫైళ్ల లెక్క ఒక్కసారిగా పెరిగేసరికి కొంచెం టెన్షన్ పడ్డాం. తర్వాత అర్థమైంది, 13 నుంచి హ్యాష్ అగ్రిగేట్ (హ్యాష్‌తో గుంపులు చేసి లెక్క కట్టే పని) కూడా అంచనా తప్పితే ర్యామ్ మింగకుండా డిస్క్‌కి పోతుంది. అంటే ఆ పెరుగుదల మంచికే, ఓఓఎం చావులు ఆ తర్వాత రాలేదు.

ఇక విసుగు సంగతి. 'లాగ్ టెంప్ ఫైల్స్' సెట్టింగ్ బాగానే పనిచేస్తుంది, కానీ ఫైలుని తుడిచేటప్పుడే లాగ్ రాస్తుంది, కాబట్టి క్రాష్‌లో మిగిలిపోయిన ఫైలు, అంటే మనకు అసలు కావలసినదే, లాగ్‌లో కనబడదు. నడుస్తుండగా చూడాలంటే 'పీజీ ఎల్ఎస్ టీఎంపీ డిర్' ఫంక్షన్ ఉంది, 12 నుంచి. దాన్ని నిమిషానికోసారి పిలిచి దాచుకుంటున్నాం. ఎందుకంటే డిస్క్ నిండి క్వెరీ పడిపోయిన మరుక్షణం ఫైళ్లు మాయం, మనం లాగిన్ అయ్యేసరికి డీఎఫ్ హాయిగా 40 శాతం ఖాళీ అంటుంది, ఫిర్యాదు చేసినవాళ్లకు మనం అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది.

'టెంప్ ఫైల్ లిమిట్' ఇంకో తలనొప్పి. అది ఒక్కో ప్రాసెస్‌కే, సర్వర్ మొత్తానికి కాదు. 20 జీబీ పెడితే, సమాంతరంగా పనిచేసే వర్కర్లు ఎవరి 20 వాళ్లే తీసుకోవచ్చు. క్రియేట్ టెంప్ టేబుల్‌తో మనం చేసుకున్నవి అసలు ఆ లెక్కలోకే రావు. మొత్తం మీద ఒక గీత గీసే సెట్టింగ్ 16లోనూ లేదు.

అందుకే 100 జీబీ డిస్క్ విడిగా తగిలించి, టేబుల్‌స్పేస్ (పోస్ట్‌గ్రెస్ ఫైళ్లు పెట్టుకునే వేరే చోటు) చేసి, టెంప్ మొత్తాన్ని అటు మళ్లించాం (ర్యామ్ డిస్క్ మీద మాత్రం పెట్టకండి, అది పోతే సర్వర్ మొత్తానికే ముప్పు). వర్క్‌మెమ్‌ని మళ్లీ తగ్గించి, రిపోర్టులు నడిపే రోల్‌కి (డేటాబేస్ యూజర్‌కి) మాత్రం పెంచాను. అన్నిటికంటే పెద్ద రిపోర్టుకి అసలు మందు సెట్టింగ్ కాదు, తేదీ కాలమ్ మీద ఒక ఇండెక్స్, క్వెరీలో అవసరం లేని డిస్టింక్ట్ (డూప్లికేట్లు ఏరేసే మాట) తీసేయడం. ఇప్పుడు టెంప్ డిస్క్ నిండితే ఆ ఒక్క క్వెరీ పడిపోతుంది, అకౌంట్స్ నుంచి ఒకరు ఫోన్ చేస్తారు, బిల్లింగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.