ఫోక్స్‌వ్యాగన్ పరిహారం సొమ్ము: ఛార్జర్లకా, టగ్గులకా, స్కూలు బస్సులకా? ఏది మేలు?

పరీక్షలో శుభ్రంగా కనిపించి, రోడ్డెక్కగానే పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల బండారం 2015 సెప్టెంబరులో బయటపడింది. అమెరికాలో ఆ కేసుల రాజీ కింద ఫోక్స్‌వ్యాగన్ దాదాపు 290 కోట్ల డాలర్లు, ఆ కాలుష్యాన్ని తగ్గించే పనుల కోసం, ఒక ట్రస్టుకు కట్టింది. అలాంటి కార్లు ఏ రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో చూసి ఆ సొమ్ము పంచారు. కాలిఫోర్నియాకు 42.3 కోట్లు, టెక్సస్‌కు 20.9 కోట్లు, బాగా చిన్న వాటాలు వచ్చిన రాష్ట్రాలకు తలా 81 లక్షలు. ట్రస్టు జాబితాలో ఉన్న పనుల్లో దేనికెంత అన్నది రాష్ట్రమే తేల్చుకోవాలి.

కార్ల ఛార్జింగ్ స్టేషన్లకు వాటాలో 15 శాతం మించి పెట్టకూడదు. టెక్సస్ ఆ 15 శాతాన్నీ, అంటే సుమారు 3.1 కోట్లు, వాటికే కేటాయించింది. టెక్సస్‌కు రెట్టింపు వాటా ఉన్న కాలిఫోర్నియా మాత్రం కోటి దగ్గరే ఆగింది. నాకు కాలిఫోర్నియా చేసిందే సబబనిపిస్తుంది. విద్యుత్ వాహనాల సదుపాయాల కోసమే ఫోక్స్‌వ్యాగన్ విడిగా 200 కోట్ల డాలర్లు పెట్టాలని రాజీలో ఉంది. ఛార్జింగ్ స్టేషన్లు నడిపే ఎలెక్ట్రిఫై అమెరికా అనే కంపెనీ పుట్టింది అందుకే. పైగా ఛార్జర్ పెడితే పాత ఇంజన్ ఏదీ ఆగిపోదు.

బస్సులూ లారీలూ మార్చేటప్పుడు అలా కాదు. పాత ఇంజన్ బ్లాకుకు 3 అంగుళాల రంధ్రం కొట్టాలి, ఛాసిస్‌ను రెండుగా కోసేయాలి. ఇక్కడ తీసేసిన బండి ఇంకో ఊళ్లో పొగ కక్కే వీల్లేదు. ఈ సొమ్ము వాడకంలో నాకు బాగా నచ్చిన షరతు ఇదే.

రేవుల్లో ఓడల్ని లాగే టగ్గులు, రైల్వే యార్డుల్లో వ్యాగన్లను మార్చే పాత డీజిల్ రైలింజన్లు దశాబ్దాల తరబడి పనిచేస్తాయి, విపరీతంగా డీజిల్ తాగుతాయి. అలాంటి ఇంజన్ ఒక్కటి మార్చినా టన్నుల కొద్దీ కాలుష్యం తగ్గుతుంది. డాలరుకు ఎన్ని టన్నులు తగ్గాయన్నదే కొలమానమైతే ఇవే ముందుంటాయి.

నా ఓటు మాత్రం స్కూలు బస్సులకే. టన్ను ఎక్కడ తగ్గినా టన్నే కావచ్చు, కానీ దాన్ని పీల్చే ఊపిరి ఎవరిదన్నది చూడాలి. బడి గేటు ముందు ఇంజన్ ఆపకుండా వరసగా నిలబడే బస్సుల పొగ నేరుగా పిల్లల ముక్కుల్లోకే పోతుంది. డాలస్ శివార్లలో మన తెలుగు పిల్లలు ఎక్కేవీ ఆ పసుపు బస్సులే.

మరి డీజిల్ బస్సా, విద్యుత్ బస్సా? ఒక విద్యుత్ బస్సు ధరకు సుమారు మూడు కొత్త డీజిల్ బస్సులొస్తాయి. అమెరికా 2010 కాలుష్య ప్రమాణాలకు తగ్గ డీజిల్ ఇంజన్ కాగితం మీద చాలా శుభ్రమైనదే. అయితే దాని పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకం బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. వీధి వీధినా ఆగుతూ మెల్లగా కదిలే బస్సులో ఆ వేడి సరిగా అందదు. పరీక్షకూ రోడ్డుకూ మధ్య తేడా వల్ల వచ్చిన సొమ్మును మళ్లీ అదే తేడా ఉన్న బండి మీద పెట్టడం నాకు మింగుడుపడదు. విద్యుత్ బస్సుకు స్కూలు పని బాగా సరిపోతుంది కూడా: పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒకటి, మధ్యలో ఛార్జింగ్. ప్రభుత్వ స్కూళ్లకైతే ట్రస్టు నిబంధనల ప్రకారం ధర మొత్తం ఇవ్వొచ్చు. కాలిఫోర్నియా 13 కోట్లు పొగ రాని బస్సులకే కేటాయించింది.

ఒక్క చోట మాత్రం డీజిల్ వైపే మొగ్గుతాను. 81 లక్షలే వచ్చిన రాష్ట్రంలో, దూరాలు ఎక్కువైన పల్లె జిల్లాలో, 1990ల నాటి బస్సులు ఇంకా తిరుగుతుంటే ఒక విద్యుత్ బస్సు కొని మిగతా పిల్లల్ని పాత పొగలోనే వదిలేయడం న్యాయం కాదు. అక్కడ మూడు పాత బస్సులకూ ముందు రంధ్రం కొట్టించాలి.