జాజ్ గిటార్: ఆర్చ్‌టాపా, సాలిడ్ బాడీనా?

జాజ్ అనగానే చాలామందికి లోపల బోలుగా ఉండే ఆర్చ్‌టాపే గుర్తొస్తుంది. 1936లో వచ్చిన గిబ్సన్ కంపెనీ ఆర్చ్‌టాప్ ఈఎస్-150ని జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ వాయించిన తీరు అలాంటిది మరి! ఆర్చ్‌టాప్ స్వరం మెత్తగా పలికి త్వరగా తగ్గిపోతుంది, అందుకే వేగంగా మారే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఒకదానిలో ఒకటి కలిసిపోవు. కానీ ఆంప్ (యాంప్లిఫయర్) సౌండ్ పెంచితే, ఆ శబ్దమే తిరిగి గిటార్‌లోకి చేరి ఫీడ్‌బ్యాక్‌తో కూత పెడుతుంది.

లోపల బోలు లేని గట్టి చెక్కతో చేసే సాలిడ్ బాడీకి ఆ బెడద తక్కువ. జాజ్ గిటారిస్ట్ ఎడ్ బికర్ట్ టెలికాస్టర్ అనే సాలిడ్ బాడీ గిటార్ మీదే ఎంత హాయైన జాజ్ వాయించాడో వినండి. నెక్ పికప్ (తీగల కదలికను పట్టే పికప్‌లలో మెడ వైపుది) ఎంచుకుని, టోన్ తగ్గించి, పైభాగం నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే ఆ మెత్తదనం చాలావరకు వస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను సాలిడ్ బాడీనే చెబుతాను. ఆర్చ్‌టాప్ కొనకుండా మిగిలిన డబ్బు మంచి గురువుకు పెట్టండి. 2-5-1 అనే కార్డ్స్ వరుసలో (స్కేల్‌లోని రెండో, ఐదో, మొదటి స్వరాల మీద కట్టినవి) ఒక్కో కార్డ్‌లోని మూడో, ఏడో స్వరాలు ఎటు కదులుతాయో ఆయన పక్కన కూర్చుని వినిపించాలి.