సోలో కచేరీలా, పక్కవాద్యమా: పియానిస్టు ముందున్న రెండు దారులు

సోలో పియానిస్టు దగ్గర 70–80 నిమిషాల కార్యక్రమం, ఆర్కెస్ట్రా పిలిస్తే దానితో కలిసి వాయించే కృతులు, అంటే కాన్చెర్టోలు, నాలుగైదు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. దాదాపు అన్నీ కంఠతా. పక్కవాద్యానికి కంఠతా అక్కర్లేదు. కానీ ఇవాళ చేతికొచ్చిన నొటేషన్ రేపటి రిహార్సల్లో పలకాలి.

సోలోలో దెబ్బతినేది ఎక్కువగా జ్ఞాపకం దగ్గరే. వేళ్ల అలవాటునే నమ్ముకుంటే, ఒక్క స్వరం తప్పగానే మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే ప్రతి పేజీలో రెండు మూడు చోట్ల నుంచి ఎత్తుకోవడం, ఎడమచేతి భాగాన్ని విడిగా గుర్తుంచుకోవడం సాధన చేయాలి. పోటీలకూ వయసు అడ్డం: వార్సాలో ఐదేళ్లకోసారి జరిగే షోపాన్ పియానో పోటీకి 30 ఏళ్లే హద్దు. 1980లో అందులో పియానిస్టు ఇవో పోగోరెలిచ్ ఫైనల్‌కి చేరలేదు. దానికి నిరసనగా ప్రముఖ పియానిస్టు మార్తా ఆర్గెరిచ్ జ్యూరీ నుంచి తప్పుకోవడంతో ఆయన పేరు మోగిపోయింది. అలాంటి అదృష్టాన్ని లెక్కలో వేసుకోకండి.

పక్కవాద్యం తేలికనుకుంటే షూబర్ట్ పాట ‘ఎర్ల్‌క్యోనిగ్’ తెరవండి. కుడిచేయి ఆక్టేవులను (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి) మూడేసి దెబ్బలుగా వాయిస్తూనే ఉండాలి. మణికట్టు బిగిస్తే పాట సగంలోనే ముంజేయి పట్టేస్తుంది. గాయకుడిది మంద్ర గొంతైతే పాటను కింది శ్రుతికి మార్చి వాయించాలి, చూపంతా అతను ఊపిరి తీసే క్షణం మీదే. నొటేషన్‌కి టాబ్లెట్ వాడితే నోటిఫికేషన్లు ఆపేయండి, పేజీ తిప్పే పెడల్ బ్యాటరీ చూసుకోండి.

నొటేషన్ చదవడంలో చురుకైనవాళ్లకు పక్కవాద్యంలోనే పని ముందు దొరుకుతుంది: ఒపెరా రిహార్సళ్లు, ఆడిషన్లు, సంగీత కళాశాలలు.