ఆసుపత్రి నమోదు యంత్రం: వేగం బాగుంది, తెలుగు కుదరలేదు

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఓపీ చీటీ కోసం జనం వరుసలో నిలబడే అవస్థ తప్పించడానికి, ముందు హాల్లో తెలుగులో మాట్లాడే నమోదు యంత్రాలను పెట్టింది. పేరు, ఊరు, ఫోను నంబరు అడిగి, ఆ తరువాత ఒంట్లో ఏం బాగోలేదో నోటితో చెప్పించుకుని, ఏ విభాగానికి వెళ్ళాలో తేల్చి చీటీ చేతికిస్తుంది. మా పెద్దమ్మగారిని చూపించడానికి వెళ్ళినప్పుడు దీన్ని వాడాను. పని త్వరగానే అవుతుంది, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, గొంతు స్పష్టంగా ఉంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఉన్నవారికైతే పేరూ ఊరూ మళ్ళీ చెప్పే శ్రమ కూడా లేదు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా అది అడిగే ప్రశ్నలలోని తెలుగుతోనే వచ్చింది.

మొదటి ప్రశ్న: ‘దయచేసి మీ వ్యాధిని తెలియజేయండి.’ వ్యాధి ఏమిటో తేల్చవలసినవాడు డాక్టరు గదా అన్న సంగతి అలా ఉంచినా, ఆ మాట వినగానే ముందున్న పెద్దాయన ఒకరు ‘నాకు వ్యాధేమీ లేదండీ, కాస్త ఆయాసం వస్తోందంతే’ అని యంత్రానికి సంజాయిషీ చెప్పుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. పత్రికలలోనూ పాఠ్యపుస్తకాలలోనూ అంటువ్యాధులు, క్షయవ్యాధి అంటూ వ్యాధికి దాని చోటు దానికి ఉంది గాని, తన ఒంటి గురించి చెప్పుకునేటప్పుడు ‘నాకు వ్యాధి వచ్చింది’ అనేవారు అరుదు. ఇంట్లో నడిచే మాట జబ్బు. అది కూడా అన్నిటికీ నడవదు: రెండు రోజుల పడిశాన్ని ఎవరూ జబ్బు అనరు, మనిషిని మంచాన పడేస్తేనో, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు అన్నట్టు ఒక అవయవాన్ని పట్టుకుని ఉండిపోతేనో ఆ మాట బయటికి వస్తుంది. అంతకంటే తక్కువదానికి నలత ఉంది, సుస్తీ ఉంది, ‘ఒంట్లో బాగుండలేదు’ ఉంది. ఇన్ని మెట్లున్న చోట యంత్రం అన్నిటికంటే పై మెట్టు మీద నిలబడి పిలుస్తోంది.

ఇది వట్టి భాషాభిమానపు ఫిర్యాదు కాదని రెండో ప్రశ్న దగ్గర తేలిపోయింది. ‘మీకు ఇతర దీర్ఘకాలిక వ్యాధులు ఏవైనా ఉన్నాయా?’ అని అడిగితే పెద్దమ్మగారు ఏమాత్రం తడుముకోకుండా ‘లేవు’ అన్నారు. ఆవిడకు చాలా ఏళ్ళుగా బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, పొద్దున్నా రాత్రీ మాత్రలు వేసుకుంటారు. అబద్ధం చెప్పాలని కాదు; మన వాడుకలో అవి జబ్బుల లెక్కలోకే రావడం మానేశాయి. ‘షుగరుంది’, ‘బీపీ ఉంది’, ‘థైరాయిడ్ ఉంది’ అంటాం గాని, వాటిని పట్టుకుని జబ్బు మనిషినని ఎవరూ చెప్పుకోరు. పెద్ద జబ్బు అంటే ఆపరేషను దాకా వెళ్ళేది, లేదా 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ‘కార్డు మీద చేస్తారా’ అని ఆరా తీయవలసి వచ్చేది. కనుక ఈ ప్రశ్నకు ‘లేవు’ అని వచ్చే జవాబులలో ఎన్నింటి వెనక మాత్రల అట్టలున్నాయో ఆసుపత్రివారు ఒకసారి ఆలోచించాలి. ‘బీపీ, షుగర్ ఉన్నాయా? రోజూ మాత్రలేమైనా వేసుకుంటున్నారా?’ అని అడిగితే సరిపోయేది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. పెద్దమ్మగారు ‘నాలుగు రోజుల నుంచి వేడి చేసింది’ అన్నారు. చీటీ మీద ‘జ్వరం’ అని పడింది. ఆవిడకు జ్వరం లేదు, మూత్రంలో మంట ఉంది. వేడి చేయడమంటే నోటిపూత కావచ్చు, కళ్ళమంట కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, జ్వరం మాత్రం కాదన్నది ఇక్కడ పుట్టి పెరిగిన ఏ నర్సుకైనా తెలుసు. తెలుగులో అనారోగ్యం సంగతి పేరుతోపాటు దాని వెంట వచ్చే క్రియ కూడా చెబుతుంది: జలుబు చేస్తుంది, పడిశం పడుతుంది, దగ్గు పట్టుకుంటుంది, జ్వరం తగులుతుంది, అమ్మవారు పోస్తుంది. ‘నాకు జబ్బు చేసింది’ అన్నప్పుడు చేసినది జబ్బే, మనిషి దాని పాలబడ్డవాడు. పేర్లను మాత్రమే ఏరుకుని క్రియలను వదిలేసేలా ఈ యంత్రాన్ని తయారుచేసినట్టుంది. అందుకే ‘వేడి’ దొరకగానే అది నేరుగా థర్మామీటరు దాకా వెళ్ళిపోయింది. లోపల నర్సు రెండు ప్రశ్నలు వేసి, జ్వరాన్ని కొట్టేసి, మంట సంగతీ షుగరు సంగతీ పెన్నుతో రాయబట్టి సరిపోయింది.

ఖమ్మం, కోదాడ వైపు నుంచి కూడా విజయవాడ ఆసుపత్రులకు జనం వస్తారు. వారిలో ఒకాయన ‘పానం మంచిగ లేదు’ అంటే యంత్రం ‘మళ్ళీ చెప్పండి’ అని అడిగిందే తప్ప ముందుకు సాగలేదు. ఇక చీటీ మీద అందరి పేరు ముందూ ‘రోగి’ అని అచ్చవుతుంది. వైద్యుల రాతలో అది మర్యాదైన మాటే కాని, ‘నీకేం రోగం’, ‘రోగం కుదిరింది’ అని తిట్టుకు అలవాటుపడిన చెవికి, ఊరికే పరీక్షలు చేయించుకోవడానికి వచ్చిన మనిషి విషయంలో కాస్త కటువుగానే ఉంటుంది. వట్టి పేరు ఉంచితే చాలు.

అదనపు రుసుము ఏమీ లేదు. చూపించుకోవలసిన డాక్టరు ఎవరో ముందే తెలిసినవారు ఆ పేరు చెబితే ప్రశ్నలన్నీ దాటేసి చీటీ ఇస్తుంది. వారికి కౌంటరు కంటే ఇదే మేలు. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళను మాత్రం, ఈ ప్రశ్నలు మారేదాకా, వాడుతున్న మాత్రల అట్టలు చేత పట్టుకుని మనిషి ఉన్న కౌంటరుకే తీసుకువెళ్ళడం మంచిది.