కరీం పేజీలో నాలుగు ఖాళీ గడులు: బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ గురించి

జూనియర్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. అందుకే ఏ వెబ్‌సైట్ తెరిచినా నా కళ్లు ముందు కాలమ్‌ల మీదకే పోతాయి. ఏం లెక్కపెట్టారు, ఏది వదిలేశారు అన్నది చూడకుండా అంకెల్ని నమ్మలేను. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్ల గణాంకాలన్నీ ఉండే బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ అనే ఈ సైట్ నాకు నచ్చింది కూడా అక్కడే.

దీని దాకా నన్ను తీసుకొచ్చింది మా తమ్ముడు. వాడికి 1960ల నాటి ఎన్‌బీఏ ఆటగాడు విల్ట్ చాంబర్లెన్ అంటే ప్రాణం. "అక్కా, సీజనంతా సగటున 50 పాయింట్లు కొట్టినవాడి ముందు ఇంకెవరు నిలబడతారు?" అంటాడు. నాకేమో అదే కాలంలో ఆడిన బిల్ రస్సెల్. 13 సీజన్లలో 11 టైటిళ్లు. ఇద్దరం ఒకే మాట తిప్పితిప్పి అనుకోవడమే గానీ వాదన ఎన్నడూ ముందుకు కదల్లేదు. ఒక రాత్రి విసుగొచ్చి, ఇద్దరి పేజీలూ పక్కపక్కన తెరిచి కూర్చున్నాను.

విల్ట్ 1961-62 వరుస చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మ్యాచ్‌కు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (పడని షాట్ల బంతిని పట్టుకోవడం), 48.5 నిమిషాలు. ఆట నిడివే 48 నిమిషాలు కదా, ఆ అర నిమిషం ఓవర్‌టైమ్‌ల పుణ్యం. అంటే ఆయన దాదాపు బెంచీ మీద కూర్చోలేదన్నమాట. ఇక్కడితో ఆగిపోతే గెలుపు తమ్ముడిదే. కానీ ఈ సైట్‌లో ఏడాదివారీగా లీగ్ సగటుల పేజీ ఒకటి ఉంది. చాలామంది దాని జోలికి పోరు. నన్నడిగితే మొత్తం సైట్‌లో అతి విలువైన పేజీ అదే. 1961-62లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు దాదాపు 108 షాట్లు వేసింది, 71 రీబౌండ్లు పట్టింది. ఈ మధ్య సీజన్లలో ఆ షాట్లు 89 దగ్గర, రీబౌండ్లు 44 దగ్గర ఉంటున్నాయి. అప్పట్లో పరుగు ఎక్కువ, గురి తక్కువ. పడని షాట్లు ఎన్ని ఉంటే రీబౌండ్లు అన్ని దొరుకుతాయి.

పెన్సిల్ తీసి లెక్క వేశాను. విల్ట్ పట్టిన 25.7 రీబౌండ్లు ఆనాటి సగటు జట్టు రీబౌండ్లలో 36 శాతం. అదే లెక్క రీబౌండ్లకు పేరుమోసిన డెనిస్ రాడ్‌మన్ 1991-92 సీజన్‌కు వేస్తే, 18.7 రీబౌండ్లు ఆనాటి జట్టు సగటులో 42 శాతం దాటాయి. అదీ మ్యాచ్‌కు 40 నిమిషాలే ఆడి! ఆ కాగితం తమ్ముడి ముందు పెడితే వాడు చాలాసేపు మాట్లాడలేదు. విల్ట్ గొప్పతనం దీంతో తగ్గిపోతుందని నేను అనడం లేదు. 25ను, 18ని నేరుగా పక్కన పెట్టి చూడకూడదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇక రస్సెల్ పేజీకి వస్తే నా మనసు చివుక్కుమంది. ఆయన్ని అంత గొప్పవాణ్ని చేసింది బ్లాకులు, అంటే ఎదుటివాళ్ల షాట్‌ను గాల్లోనే ఆపేయడం. వాటి లెక్కే లేదు. ఎన్‌బీఏ బ్లాకుల్నీ, స్టీల్స్‌నీ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం) లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో, రస్సెల్ ఆట మానేసింది 1969లో. రస్సెల్ మానేసిన ఏడాదే లీగ్‌లోకి వచ్చిన కరీం అబ్దుల్ జబ్బార్ పేజీలోనైతే ఆ లోటు కంటికి కనిపిస్తుంది. మొదటి నాలుగు సీజన్ల దగ్గర బ్లాకుల గడి ఖాళీ, ఐదో ఏడు ఉన్నట్టుండి మ్యాచ్‌కు 3.5. అంతకు ముందు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయన ఎన్ని ఆపి ఉంటాడు! ఈ సైట్ అక్కడ సున్నా వేయలేదు, అంచనాతో ఏ అంకే ఇరికించలేదు. గడిని ఖాళీగా వదిలేసింది. నాలాంటి స్కోరర్‌కు ఆ నిజాయితీ విలువ తెలుసు.

ఎందుకంటే మా స్కోర్ షీట్‌లోనూ బ్లాకులకు గడి లేదు. పాయింట్లు, ఫౌల్స్, టైమౌట్లు, అంతే. ఒకసారి ఫైనల్లో సన్నటి పొడుగాటి అమ్మాయి ఒకతి రింగు కింద నిలబడి ఎదుటివాళ్ల షాట్లు ఒకదాని తర్వాత ఒకటి తోసేసింది. నా కళ్లతో చూశాను. షీట్‌లో ఆమె పేరు పక్కన మిగిలింది నాలుగు పాయింట్లు, మూడు ఫౌల్స్. బెస్ట్ ప్లేయర్ బహుమతి పాయింట్లు ఎక్కువ కొట్టిన అమ్మాయికి వెళ్లింది. అప్పటి నుంచి షీట్ అంచున బ్లాకులకు గీతలు పెట్టుకుంటున్నాను.

మైకేల్ జోర్డన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా అన్న వాదనకు ఈ సైట్‌లో వయసు కాలమ్ ఒక్కటి చాలు. 24 ఏళ్ల వరుసలో జోర్డన్‌కు 35.0 పాయింట్ల సగటు, ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి అవార్డు), పైగా డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి అత్యుత్తమ డిఫెండర్). అదే వయసులో లెబ్రాన్‌కు 28.4, ఎంవీపీ. 38 ఏళ్ల వరుసకు దిగితే తక్కెడ తిరగబడుతుంది: లెబ్రాన్ 28.9, మూడేళ్లు ఆటకు దూరంగా ఉండి వచ్చిన జోర్డన్ 22.9. శిఖరం ఎత్తు చూస్తారా, ఎంతకాలం అక్కడే నిలబడ్డాడని చూస్తారా అన్నది మీ ఇష్టం. నా ఓటు ఇప్పటికీ జోర్డన్‌కే.

రెండు లీగుల్లో ఆడిన జూలియస్ ఎర్వింగ్‌కు కూడా ఇక్కడ న్యాయం జరిగింది. ఎన్‌బీఏ పాయింట్లు మాత్రమే చూస్తే 18,364. అప్పట్లో ఎన్‌బీఏకు పోటీగా నడిచిన ఏబీఏ లీగ్‌వి కూడా కలిపితే 30,026. సైట్ రెండూ చూపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. డిఫెన్సివ్ విన్ షేర్స్ అనే లెక్కలో రస్సెల్ చరిత్రలోనే మొదటి స్థానంలో ఉన్నాడని చూసి నేను ఎగిరి గంతేశాను. తర్వాత అది ఎలా కడతారో చదివాను. జట్టు మొత్తం డిఫెన్స్‌ను ఆటగాళ్లకు పంచి ఇచ్చే లెక్క అది. పాతకాలానికి బ్లాకులూ స్టీల్సూ లేవు కాబట్టి ఆ పంపకం మరీ ముతకగా ఉంటుంది. నాకు అనుకూలంగా ఉన్నా సరే, తమ్ముడి ముందు ఆ అంకె వాడలేదు. వాడింది వేరే ఒకటి: విల్ట్ 50 సగటు కొట్టిన ఆ ఏడాదే ఎంవీపీ రస్సెల్. అప్పట్లో ఆ ఓటు వేసింది ఆటగాళ్లే, ఆ ఇద్దరికీ ఎదురుగా నిలబడి ఆడినవాళ్లు.

కొత్తవాళ్లు ఒకటి చేయండి. ఆటగాడి పేజీకి ముందు ఆ ఏడాది లీగ్ సగటు చూడండి, ఆ తర్వాతే పేరు వెతకండి. ఆటగాళ్ల పేజీలు, సగటులు చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. లోతుగా జల్లెడ పట్టే సాధనాలకు వేరే చందా ఉంది గానీ, ఇంట్లో వాదించుకోవడానికి పెన్సిల్, కాగితం సరిపోతాయి.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. విల్ట్‌ను వదిలేసి కరీంను పట్టుకున్నాడు. "నాలుగేళ్లు లెక్కే లేకుండా 3,189 బ్లాకులు అక్కా" అన్నాడు. ఆ గడుల సంగతి నేర్పింది నేనే కదా, ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.